బ్రాకెట్ రేసుల్లో నెమ్మది బండా, ఫాస్ట్ బండా? రెండూ నడిపాక నా అభిప్రాయం

చాలా సీజన్లుగా నేను రెండు బండ్లతో బ్రాకెట్ డ్రాగ్ రేసులు, అంటే రెండేసి బండ్లు తిన్నని ట్రాక్ మీద పోటీపడే ఆట, ఆడుతున్నాను. ఒకటి స్మాల్ బ్లాక్ ఇంజిన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న చెవీ పికప్. క్వార్టర్ మైలు, అంటే పావు మైలు, 13.80 సెకన్లకు కాస్త అటూ ఇటూగా తిరుగుతుంది. రెండోది ఇంకా పెద్దదైన బిగ్ బ్లాక్ ఇంజిన్ వేసిన నోవా కారు, 9.40 బండి. ఈ రెంటిలో ఏది ఎక్కువ గెలిపిస్తుందని అడగని కొత్తవాళ్లు లేరు. నా లెక్కలో ఫాస్ట్ బండికే మొగ్గు. అయితే ఆ మొగ్గులో చాలా భాగం ఆఖరి రెండు వందల అడుగుల్లోనే చేతికి వస్తుంది. అక్కడ దాన్ని వాడుకోవడం రానివాళ్లకు పికప్పే నయం.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎవరి బండి ఎంత టైమ్‌లో వెళ్తుందో వాళ్లే అద్దం మీద రాసుకుంటారు, అదే డయల్-ఇన్. రెండు డయల్-ఇన్‌ల మధ్య తేడా ఎంతుంటే నెమ్మది బండికి అంత ముందుగా పచ్చ లైటు వస్తుంది. నా పికప్‌కీ నోవాకీ పోటీ పెడితే పికప్ 4.40 సెకన్లు ముందు బయల్దేరుతుంది. గీత ముందు దాటినవాళ్లు గెలిచినట్టు, కానీ రాసుకున్న టైమ్ కంటే తక్కువలో వెళ్తే బ్రేక్ అవుట్ అయి ఓడిపోతారు. ఇద్దరూ బ్రేక్ అవుట్ అయితే తక్కువ తేడాతో అయినవాళ్లు గెలుస్తారు. కాబట్టి కాగితం మీద వేగానికి విలువే లేదు. ట్రాక్ మీద మాత్రం ఉంది.

ముందు స్టార్ట్ సంగతి. స్టార్ట్ గీత దగ్గర ఉండే లైట్ల స్తంభాన్ని ట్రీ అంటారు. మామూలు ట్రీలో మూడు పసుపు లైట్లు అర సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి వెలిగి, ఆ తర్వాత పచ్చ వస్తుంది. పచ్చ చూశాక కదిలితే అప్పటికే ఆలస్యం, ఆఖరి పసుపు చూసే వదలాలి. పికప్‌తో ఇక్కడే చిక్కు. కాలు నొక్కిన తర్వాత ముందు టైరు స్టేజ్ బీమ్‌ను, అంటే స్టార్ట్ గీత దగ్గరి కాంతి కిరణాన్ని, దాటడానికి అది బద్ధకంగా టైమ్ తీసుకుంటుంది. ఆఖరి లైటు చూసి వదిలితే రియాక్షన్ టైమ్, అంటే పచ్చ వచ్చాక బండి కదలడానికి పట్టే టైమ్, ఎప్పుడూ ఎక్కువగానే వచ్చేది. చిన్న ముందు టైర్లు వేశాను, ఇంకొన్ని అంగుళాలు ముందుకు జరిగి డీప్ స్టేజ్ చేయడం అలవాటు చేసుకున్నాను. డీప్ చేస్తే రియాక్షన్ బాగుపడుతుంది, కానీ పరుగు అందుకోవడానికి ఉండే ఆ కాస్త జాగా పోయి ఈటీ (స్టార్ట్ నుంచి గీత దాకా పట్టే టైమ్) పెరుగుతుంది. డయల్-ఇన్ దానికి తగ్గట్టు మార్చుకోవాలి. కొన్ని క్లాసుల్లో డీప్ స్టేజింగ్ ఒప్పుకోరు కూడా, వెళ్లే ముందు కనుక్కోండి.

నోవాలో ట్రాన్స్‌బ్రేక్ (బటన్ నొక్కి ఉన్నంతసేపు గేర్‌బాక్స్‌తో బండిని ఆపి ఉంచేది), డిలే బాక్స్ ఉన్నాయి. పై లైటు వెలగగానే బటన్ వదిలేస్తాను, మిగతా ఆలస్యాన్ని సెకనులో వెయ్యో వంతు లెక్కన బాక్స్ చూసుకుంటుంది. హాయిగానే ఉంటుంది కదా అనిపిస్తుంది. కానీ అవతల లేన్‌లో నెమ్మది బండి ఉన్నప్పుడు ఆ నాలుగైదు సెకన్లు నడిస్తే తెలుస్తుంది. పక్క లైట్లు కిందికి దిగుతాయి, అవతలి బండి గర్జిస్తూ వెళ్లిపోతుంది, నేను మాత్రం బటన్ నొక్కి పట్టుకుని కదలకుండా ఉండాలి. కంటికి పక్క లైట్లు తగలకుండా ట్రీ మధ్యలో అడ్డు రేకు పెడతారు, అయినా చెవులకు అడ్డం ఏముంది? వేలు దానంతట అదే లేవబోతుంది. మొదటి సీజన్లో నాకు రేసు మొత్తంలో టెన్షన్ ఇక్కడే. క్రాసోవర్ ఉన్న బాక్స్ అయితే అవతలివాళ్ల పై లైటు చూసే బటన్ వదలొచ్చు, డయల్ తేడా బాక్సే కలుపుకుంటుంది. నెమ్మది బండికి ఈ సౌకర్యం అవసరమే పడదు, వాళ్ల లైటే ముందు వస్తుంది కాబట్టి. ప్రశాంతంగా తన పని తాను చేసుకుని వెళ్లిపోవచ్చు. ఈ ఒక్క విషయంలో పికప్ సీటు నాకు ఎంతో సుఖం.

పచ్చకు ముందే కదిలితే వెలిగే రెడ్ లైట్ దగ్గర మాత్రం నెమ్మది బండికి అన్యాయం ఉంది. పాత పద్ధతిలో ముందు తప్పు చేసినవాళ్లదే ఓటమి. ముందు బయల్దేరేది నెమ్మది బండే కాబట్టి అది వెయ్యో వంతు ముందుగా కదిలినా కథ అయిపోయినట్టే, వెనకవాళ్లు ఎంత ఘోరంగా స్టార్ట్ చేసినా వాళ్లకే గెలుపు. ఇప్పుడు కొన్ని ట్రాకుల్లో ఇద్దరూ రెడ్ అయితే ఎక్కువ ముందుగా కదిలినవాళ్లే ఓడేలా టైమింగ్ పెట్టారు. అలాంటి ట్రాక్‌లో పికప్‌తో ధైర్యంగా లైటు మీదికి వెళ్తాను. పాత పద్ధతి ఉన్న చోట కొంచెం వెనక్కి తగ్గుతాను.

నిలకడ విషయంలో చాలామంది చెప్పేది సగమే నిజం. నెమ్మది బండి ఎప్పుడూ ఒకేలా పరిగెడుతుందని అంటారు. టైర్ స్పిన్ వరకు అది నిజమే. పికప్ ఎంత జారుడు ట్రాక్ మీదైనా పట్టుకుని వెళ్తుంది. నోవా మాత్రం ట్రాక్ వేడెక్కితే మొదటి అరవై అడుగుల్లోనే కాస్త జారి, అక్కడ పోగొట్టుకున్నదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు చివర్లో చూపిస్తుంది. కానీ గాలి మారినప్పుడు లెక్క తిరగబడుతుంది. ఉజ్జాయింపుగా ఇంజిన్ పవర్ ఒక శాతం తగ్గితే ఈటీ ఒక శాతంలో మూడో వంతు పెరుగుతుంది. 13.80 బండికి అది దాదాపు 0.046 సెకను, 9.40 బండికి 0.031. పైగా ఎదురు గాలి వీచిందంటే పికప్ ఆ గాలిలో ఇంకో నాలుగు సెకన్లు ఎక్కువసేపు ఉండాలి, దాని ముక్కేమో తలుపంత వెడల్పు. ఎండలో ప్రాక్టీస్ చేసి చల్లబడ్డాక ఎలిమినేషన్ రౌండ్లు ఆడే రోజుల్లో నేను ఎక్కువగా డయల్ మార్చేది పికప్‌కే. ఉష్ణోగ్రత, గాలి పీడనం, తేమ ప్రతి రన్‌కూ రాసుకోని నెమ్మది బండి డ్రైవర్ నిలకడ గురించి మాట్లాడకూడదు.

ఇక అసలు విషయం, ముగింపు గీత. పికప్ గంటకు 98 మైళ్లతో గీత దాటుతుంది, అంటే సెకనుకు 144 అడుగులు. నోవా 143 మైళ్లు, సెకనుకు దాదాపు 210 అడుగులు. ఇద్దరూ సరిగ్గా కలిసే లెక్క అయితే గీతకు సెకను ముందు నోవా 66 అడుగులు వెనక ఉంటుంది, అర సెకను ముందు 33 అడుగులు. నోవాలో కూర్చున్న నాకు ఇదంతా అద్దంలోంచి ఎదురుగా కనిపిస్తుంది. అవతలి బండి వెనక భాగం ఏ వేగంతో దగ్గరవుతోందో చూసి, గెలుస్తున్నాను అనిపిస్తే పాదం కాస్త ఎత్తి, రెండడుగుల తేడాతో గీత దాటితే చాలు. అనవసరంగా ముందుకు దూకితే బ్రేక్ అవుట్. దాటలేను అనిపిస్తే బ్రేక్ కొట్టి అవతలివాళ్లను బ్రేక్ అవుట్‌లోకి తోసేయొచ్చు. కొందరైతే డయల్‌ను సెకనులో మూడు నాలుగు వందో వంతులు ఎక్కువగా రాసుకుని వచ్చి, ఆఖర్లో ఆ దాచుకున్న టైమ్‌తో ఆడుకుంటారు.

పికప్‌లో ఇవన్నీ చేయాలంటే మెడ తిప్పి వెనక్కి చూడాలి. పక్క అద్దంలో ఫాస్ట్ బండి ఉన్నదానికంటే దూరంగా అనిపిస్తుంది, ఇంకా దూరంలోనే ఉందనుకునే లోపు పక్కకు వచ్చేస్తుంది. తల తిప్పితే బండి కూడా కాస్త తిరుగుతుంది, మధ్య గీత దాటితే అది రెడ్ లైట్ కంటే పెద్ద తప్పు. అందుకే పికప్‌తో నేను నిజాయితీగా డయల్ రాసి, వెనక్కి చూడకుండా గీత దాకా తొక్కుతాను. ఇలా నడపడంలో ఒక లాభం ఉంది: నా వైపు నుంచి అవతలివాళ్లకు ఏ తికమకా దొరకదు, కానీ వాళ్లు తమంతట తామే తికమకపడతారు.

మరీ నెమ్మది బండ్లకు వ్యతిరేకంగా ఫాస్ట్ బండి మొగ్గు తగ్గిపోతుంది. దీన్ని ఎవరూ ముందు చెప్పలేదు, ఆడుతూ ఆడుతూ తెలిసింది. నోవాతో 10.40 బండిని వెంటాడితే దగ్గరయ్యే వేగం సెకనుకు ఇరవై రెండడుగులు మాత్రమే. గీతకు అర సెకను ముందు తేడా పదకొండడుగులు, తీరిగ్గా చూసుకోవచ్చు. అదే పదిహేను సెకన్ల బండి ఎదురైతే అది ఆగి ఉన్నట్టు కనిపిస్తుంది, పాదం ఎప్పుడు ఎత్తాలో తేల్చుకునే లోపే దాటేసి ఉంటాను. పాత కుటుంబ కారు పక్కన స్టేజ్ అయినప్పుడు నాకు డ్రాగ్‌స్టర్ (ఈ ఆట కోసమే కట్టిన పొడవాటి రేసు బండి) పక్కన కంటే ఎక్కువ భయం. ఎయిత్ మైలు ట్రాకుల్లో, అంటే 660 అడుగుల్లో, వేగాల తేడా తగ్గుతుంది కానీ చూసుకునే టైమూ తగ్గుతుంది, అక్కడ రేసు చాలావరకు స్టార్ట్‌లోనే తేలిపోతుంది.

పెట్టుబడి, శ్రమ చూస్తే పోలికే లేదు. పికప్‌కు బంకు పెట్రోలు చాలు, తనంతట తాను ట్రాక్‌కు వెళ్లి తిరిగి వస్తుంది. నోవాకు ట్రైలర్, రేస్ పెట్రోలు, వాల్వ్ స్ప్రింగులు, స్లిక్‌లు (గాట్లు లేని రేస్ టైర్లు), మధ్యలో ట్రాన్స్‌మిషన్ విప్పడాలు. అమెరికా డ్రాగ్ రేసుల సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల్లో 9.99, అంతకంటే తక్కువ టైమ్ వచ్చే నోవా లాంటి పాత బండికి డ్రైవర్ దగ్గర రేసింగ్ లైసెన్సు, బండిలో రోల్ కేజ్ (డ్రైవర్ చుట్టూ ఉక్కు పంజరం) కావాలి. ఈ బరువంతా మోసి నోవాను నెమ్మది బండిలాగే కళ్లు మూసుకుని తొక్కేవాళ్లను చూస్తే నాకు జాలి.

రెంటిలో ఒకటే ఉంచుకోమంటే రెండూ అమ్మేసి 10.50 బండి కొంటాను. లైసెన్సు గొడవ లేదు, ట్రాన్స్‌బ్రేక్ లేకుండా కాలి బ్రేకుతోనే స్టార్ట్ చేసే ఫుట్‌బ్రేక్ క్లాసులో చాలామందిని నేనే వెంటాడతాను, వెనక నుంచి వచ్చే డ్రాగ్‌స్టర్లు ఉంటే అప్పుడు పికప్ పద్ధతి ఎలాగూ వచ్చు. మీరు కొనే ముందు మాత్రం మీ ట్రాక్‌లో ఒక సాయంత్రం కూర్చుని, వచ్చినవాళ్ల అద్దాల మీద నంబర్లు రాసుకోండి. ఎక్కువమంది ఎక్కడున్నారో చూసి, వాళ్లకంటే సెకనో రెండు సెకన్లో ఫాస్ట్‌గా ఉండే బండి వెతకండి.