చెస్‌లో పాయిజన్డ్ పాన్ (విషపు బంటు) అర్థం కావాలంటే బ్రాడీపేట క్లాసుకి వెళ్లండి

చెస్‌లో నల్లపావులతో సిసిలియన్ నైడార్ఫ్ అనే ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే పద్ధతి) ఆడేవాళ్లకి, తెల్లపావులవాడు బిషప్ జి5 (బిషప్‌ని జి5 గడికి జరపడం) అనగానే గుండెదడ మొదలవుతుంది. గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద ఆదివారం చెస్ క్లాసు నడుస్తోంది. చెస్ గ్రాండ్‌మాస్టర్ ద్రోణవల్లి హారిక పుట్టిన ఊరు కదా, పిల్లల బ్యాచ్‌లకి ఇక్కడ కొదవలేదు. ఉద్యోగాలు చేసుకునే మాలాంటివాళ్లని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పేది మాత్రం నాకు తెలిసి ఈ క్లాసు సార్ ఒక్కరే.

ఇంతకుముందు వెళ్లిన ఒకచోట మూవ్‌ల ప్రింటవుట్ చేతికిచ్చి బట్టీ పట్టమన్నారు. ఈయన 6.బిషప్ జి5 ఇ6 7.ఎఫ్4 క్వీన్ బి6 8.క్వీన్ డి2 దగ్గర, అంటే బి2లో ఎరలాంటి ఆ విషపు బంటు నల్ల క్వీన్‌కి అందే చోట, బోర్డు ఆపేసి, "బి2 బంటు తింటే నీకేం దక్కింది? వాడికేం దక్కింది?" అని అడుగుతారు. నల్లవాడికి బంటు దక్కింది. తెల్లవాడికి టైము, అంటే మిగతా పావుల్ని బయటికి తెచ్చుకునే వ్యవధి, దక్కింది. నల్ల రాజు ఇంకా నడిమధ్యలోనే ఉన్నాడు, క్వీన్ ఒంటరిగా శత్రువుల ఇంట్లో ఉంది. ఇదంతా మన నోటితోనే చెప్పిస్తారు.

తర్వాత 1972 రేక్యవిక్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్, 11వ గేమ్. నల్లపావులతో ఫిషర్ ఆ బంటు తిన్నాడు, తెల్లపావులతో స్పాస్కీ 9.నైట్ బి3 ఆడాడు, క్వీన్ ఎ3కి వెళ్లింది. అసలు రుచి 14వ మూవ్‌లో ఉంది. సి3లో హాయిగా ఉన్న నైట్‌ని స్పాస్కీ వెనక్కి, బి1కి లాగాడు! సార్ ఆ గుర్రాన్ని వేలితో మెల్లగా జరిపి ఊరుకున్నారు. ఎందుకో మమ్మల్నే కనుక్కోమన్నారు. అది క్వీన్ మీదికి వచ్చింది. అక్కణ్ణించి క్వీన్ బి4, బి6, బి5 అంటూ తిరిగి, చివరికి ఎ4 బంటుకి దొరికిపోయింది. 31 మూవ్‌లకి ఫిషర్ ఓటమి ఒప్పుకున్నాడు. దాడి అంటే ముందుకి దూకడమే అనుకునేవాళ్లు ఈ ఒక్క మూవ్ కోసమైనా వెళ్లాలి.

లోటు ఒకటుంది. తెల్లవాడు 9.నైట్ బి3కి బదులు 9.రూక్ బి1 ఆడితే, క్వీన్ ఎ3 తర్వాత వచ్చే 10.ఎఫ్5, 10.ఇ5 లైన్లని గబగబా దాటేశారు. టోర్నమెంట్లలో ఎదురయ్యేది ఎక్కువగా అవే. వాటికి ఇంకో ఆదివారం కేటాయించాల్సింది. గది ఇరుకు, ఫ్యాను గాలి వెనక వరసకి అందదు.

నైడార్ఫ్ మొదటి 5 మూవ్‌లు ఇంట్లో ఆడి చూసుకుని వెళ్లండి, అవి మళ్లీ చెప్పరు. బండి సందు మొదట్లోనే పెట్టుకోవాలి.