45 దాటాక మొదలెడితే: పరుగా, ట్రయథ్లానా?

ఖర్చు: పరుగుకు మంచి షూ చాలు, 500–800 కిలోమీటర్లకు మార్చాలి. ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి; దానికి సైకిల్, హెల్మెట్, ఈత కళ్లద్దాలు, పూల్ ఫీజు అదనం.

సమయం: పరుగుకు వారానికి మూడు రోజులు. స్ప్రింట్ (తక్కువ దూరాల) ట్రయథ్లాన్‌కే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఐదు రోజులైనా కావాలి.

దెబ్బలు: వయసు తెలిసేది ఇక్కడే. ఆయాసం ముందే తగ్గుతుంది, మడమ పైనున్న స్నాయువు మాత్రం నెమ్మదిగా గట్టిపడుతుంది. ఊపిరి ఆడుతోంది కదా అని దూరం పెంచితే అదే వాస్తుంది. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలెట్టండి. పొద్దున్నే లేవగానే మడమ పట్టేస్తుంటే పరుగు ఆపండి. ట్రయథ్లాన్‌లో భారమంతా కాళ్ల మీదే పడదు. కానీ ఈత చెరువులో అయితే అడుగు కనపడదు, పట్టుకోవడానికి గోడ ఉండదు, ఒంటరిగా దిగొద్దు.

పాతికేళ్ల వాళ్లకు రెండూ సరే. 45 దాటి, తీరిక తక్కువైతే పరుగు. మోకాళ్లు సతాయిస్తూ, ఈత వస్తే ట్రయథ్లాన్. బీపీ, షుగర్ ఉంటే ఏదైనా డాక్టరుకు చూపించుకున్నాకే.