రోడ్డు పక్క వింతల కోసం: రూట్ 66 మేలా, సౌత్ డకోటా ఐ-90 మేలా?

అమెరికాలో వేసవి సెలవులకి కారు తీద్దాం అనుకోగానే మనవాళ్ళ ఇళ్ళలో ముందు వినబడేవి ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్. వాటిని ఎవరూ వదలరు, వదలక్కర్లేదు కూడా. ఇక్కడ చెప్పేది ఇంకో రకం ప్రయాణం. చెరువు గట్టున ఎనభై అడుగుల నీలి తిమింగలం, ముక్కు మట్టిలో గుచ్చి తోక పైకెత్తి నిలబడ్డ కార్లు, గోడల నిండా మొక్కజొన్న కంకులు కొట్టిన భవనం. ఇలాంటి తిక్క వింతల కోసమే బయల్దేరేవాళ్ళకి రెండు దారులు ప్రసిద్ధి. ఒకటి రూట్ 66, రెండోది మిన్నెసోటా నుంచి సౌత్ డకోటా మీదుగా పడమటికి పోయే ఐ-90, అంటే ఇంటర్‌స్టేట్ 90 అనే పెద్ద రోడ్డు.

కారులో ఎనిమిదేళ్ళ పిల్లాడు, హైస్కూల్ పిల్ల, ఆర్నెల్లకని ఇండియా నుంచి వచ్చిన నానమ్మా తాతయ్యా ఉన్నారనుకుందాం. వీళ్ళందరినీ ఒక్క బండిలో వేసుకుని వెళ్ళాలంటే నా ఓటు ఐ-90కి. రూట్ 66 మొత్తం ఈ కారుకి పనికిరాదు. అందులో ఒక ముక్క మాత్రం చాలా పనికొస్తుంది.

రూట్ 66 పేరుకున్న మోజు అంతా ఇంతా కాదు. 1926లో పుట్టింది, 2026తో నూరేళ్ళు. షికాగోలో మొదలై ఎనిమిది రాష్ట్రాలు దాటి, దాదాపు 2,400 మైళ్ళ తర్వాత లాస్ ఏంజెలెస్ పక్కన శాంటా మోనికాలో తేలుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఇప్పుడు అధికారికంగా ఆ రోడ్డే లేదు. ఐ-40, ఐ-44 లాంటి పెద్ద రోడ్లు వచ్చి ఒక్కో ఊరినీ పక్కకి నెట్టేశాక 1985లో దాన్ని జాతీయ రహదారుల పట్టికలోంచి తీసేశారు. ఆరిజోనాలోని సెలిగ్మన్‌కి 1978లో ఆ గతే పట్టింది. ఆ ఊరి మంగలి ఏంజెల్ డెల్గడియో నలుగురిని కూడగట్టి 1987లో సంఘం పెట్టి, పాత రోడ్డుకి 'హిస్టారిక్' బోర్డులు వేయించాడు. ఈ రోజు మనం వెళ్ళి చూడగలుగుతున్నామంటే అలాంటివాళ్ళ చలవే.

అంటే అక్కడ చూసేది చాలావరకు జ్ఞాపకం. మూసేసిన పెట్రోలు బంకు, వెలిసిపోయిన మోటెల్ బోర్డు, వాటి వెనక ఒక కథ. ఆ కథ తెలిసినవాళ్ళకి ఒళ్ళు పులకరిస్తుంది. ఎనిమిదేళ్ళవాడికి అది పాడుబడ్డ బంకే. "నాన్నా, ఇక్కడెందుకు ఆగాం?" అని అడుగుతాడు, అడగడంలో తప్పూ లేదు.

కథ తెలియకపోయినా నవ్వొచ్చేవి కొన్ని ఉన్నాయి. టెక్సస్‌లో అమరిల్లో ఊరి బయట ఉన్న కాడిలాక్ రాంచ్ వాటిలో మొదటిది. 1974లో యాంట్ ఫార్మ్ అనే కళాకారుల బృందం, స్టాన్లీ మార్ష్ అనే స్థానిక ధనవంతుడి డబ్బుతో, పది కాడిలాక్ కార్లని వరసగా చేలో పాతిపెట్టింది. అవి 1949 నుంచి 1963 దాకా వచ్చిన మోడళ్ళు. ఊరు పెరిగి మీదికొస్తోందని 1997లో పదింటినీ పెకలించి రెండు మైళ్ళు పడమటికి తీసుకెళ్ళి మళ్ళీ పాతారు. ప్రవేశం ఉచితం, గేటు దాటి చేలో నడవాలి. ఎవరైనా స్ప్రే పెయింట్ డబ్బా పట్టుకెళ్ళి ఆ కార్ల మీద పేరు రాసుకోవచ్చు. ఏళ్ళ తరబడి పూత మీద పూత పడి తలుపుల అంచులు గుండ్రంగా ఉబ్బిపోయాయి. ఊడిన పెచ్చు చేతిలోకి తీసుకుని అంచు చూస్తే ఎరుపు, పసుపు, నీలం పొరలు లెక్కపెట్టలేనన్ని. గాలి విపరీతం. గాలికి ఎదురుగా నిలబడి డబ్బా నొక్కితే రంగంతా మన చొక్కా మీదే. పిల్లలకి ఇంతకంటే స్వర్గం లేదు. మా అమ్మ మాత్రం చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "పాత ఇనప సామాన్లవాడికి వేసినా నాలుగు డబ్బులొచ్చేవి కదరా" అంది.

అక్కణ్ణుంచి పడమటికి న్యూ మెక్సికో దాటి ఆరిజోనాలోని హోల్‌బ్రుక్ దాకా ఉన్న ఐదువందల పైచిలుకు మైళ్ళే నేను ఏరుకోమనే ముక్క. హోల్‌బ్రుక్‌లో 1950 నాటి విగ్వామ్ మోటెల్ ఉంది. ఒక్కో గదీ ఒక్కో కాంక్రీట్ గుడారం, ముందు పాతకాలం కార్లు నిలిపి ఉంటాయి. గదులు చిన్నవి. పెద్దవాళ్ళు కూడా ఉంటే రెండు తీసుకోవాలి, అదీ ముందుగా. ఊరి పక్కనే పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్క్. పాత రూట్ 66 ఆ పార్కు గుండానే పోయేది, ఆ చోటుకి గుర్తుగా 1932 నాటి తుప్పు పట్టిన స్టుడిబేకర్ కారు ఒకటి ఉంచారు. ఇంకో గంట పోతే యాభై వేల ఏళ్ళ కిందట ఉల్క పడి చేసిన గొయ్యి, మీటియర్ క్రేటర్. మైలులో ముప్పాతిక వెడల్పు. అపోలో వ్యోమగాములు అక్కడ శిక్షణ పొందారంటే హైస్కూల్ పిల్ల కూడా ఫోన్ లోపల పెడుతుంది.

ముందు చెప్పిన నీలి తిమింగలం ఓక్లహోమాలోని కటూసాలో ఉంది. హ్యూ డేవిస్ అనే ఆయన పెళ్ళిరోజు కానుకగా భార్య కోసం కట్టాడు, 1972లో పూర్తయింది. ఆవిడకి తిమింగలం బొమ్మలు పోగుచేసే అలవాటు. ముద్దొచ్చే చోటే, కానీ అమరిల్లోకి ఇంకో ఆరు గంటల తూర్పున. దానికోసమే అంతదూరం పోనక్కర్లేదు.

ఇక ఐ-90. ఇక్కడ జాతర ఇంకా నడుస్తూనే ఉంది. ఏదీ పాడుబడలేదు, ఎందుకంటే పెద్ద రోడ్డు వీటిని వదిలేసి పోలేదు, వీటి పక్కనుంచే పోయింది.

వాల్ డ్రగ్ సంగతే చూడండి. టెడ్ హస్టెడ్, డొరొతీ అనే దంపతులు 1931లో వాల్ అనే బుల్లి ఊళ్ళో మందుల షాపు కొన్నారు. ఐదేళ్ళయినా గిరాకీ లేదు. 1936 ఎండాకాలంలో, దుమ్ములో ఎండలో పోయే కార్లవాళ్ళకి కావలసింది చల్లటి నీళ్ళేనని డొరొతీకి తట్టింది. 'ఐసు నీళ్ళు ఉచితం' అని రోడ్డు మీద బోర్డులు పెట్టారు. బోర్డులు పాతి టెడ్ తిరిగొచ్చేసరికే జనం షాపులో ఉన్నారట. ఈ రోజుకీ నీళ్ళు ఉచితం, కాఫీ ఐదు సెంట్లు. ఆ షాపు ఇప్పుడు ఒక వీధంత. కొన్ని నిమిషాలకోసారి గర్జించే టి-రెక్స్, ఎక్కి కూర్చోడానికి కొమ్ముల కుందేలు బొమ్మ, బయట హైవే పక్కన ఎనభై అడుగుల డైనోసార్. మందులు కూడా అమ్ముతారు.

అయితే అసలు వింత షాపు కాదు, ఆ బోర్డులు. రాష్ట్రం తూర్పు కొస నుంచే మొదలవుతాయి. పచ్చిక తప్ప ఏమీ లేని మైదానంలో ఒకదాని తర్వాత ఒకటి, వందల మైళ్ళు. వెనక సీట్లో పోటీ పెట్టుకుని లెక్కపెడుతూ కూర్చుంటారు. "ఇంకెంత దూరం?" అనే ప్రశ్నకి జవాబు బోర్డే చెబుతుంది. రూట్ 66 ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే. అక్కడ రెండు వింతల మధ్య మూడు గంటల శూన్యం ఉంటే దాన్ని నింపేది మనమే.

మిగతావి కూడా దారి పొడుగునా ఎగ్జిట్ పక్కనే. మిన్నెసోటాలో బ్లూ ఎర్త్ దగ్గర యాభై ఐదు అడుగుల గ్రీన్ జెయింట్, మన ఫ్రీజర్లో ఉండే బఠాణీ ప్యాకెట్ మీది ఆకుపచ్చ మనిషే, కాళ్ళ మధ్య నిలబడి ఫోటో దిగొచ్చు. సౌత్ డకోటాలో మిచెల్ దగ్గర కార్న్ పాలెస్. ఈ నేల పండుతుందని వలస వచ్చేవాళ్ళకి చూపించడానికి 1892లో మొదలుపెట్టారు, ఇప్పుడున్న భవనం 1921 నాటిది. కంకుల్ని నిలువునా రెండుగా కోసి, చదునైన వైపు గోడకి ఆనించి మేకులు కొడతారు. బొమ్మల్లోని రంగులు పూసినవి కావు, గింజల సొంత రంగులే: నలుపు, ఎరుపు, నారింజ, తెలుపు. ఏటా కొత్త బొమ్మలు. వేసవి చివర్లో పాతవి పీకేస్తారు కాబట్టి అప్పుడు వెళ్తే సగం గోడ బోసిగా కనబడొచ్చు. పిట్టలకి మాత్రం అది ఏడాది పొడుగునా భోజనశాల. మా నాన్న సేద్యం చేసిన మనిషి, దారి మొత్తంలో ఆయన కదలకుండా నిలబడి చూసింది దీన్నే.

తర్వాత చేంబర్లిన్ దగ్గర మిస్సోరి నది మీదున్న రెస్ట్ ఏరియాలోనే 'డిగ్నిటీ', యాభై అడుగుల స్టీలు విగ్రహం, నక్షత్రాల దుప్పటి కప్పుకున్న ఆదివాసీ స్త్రీ. 2016లో పెట్టారు. పెద్దవాళ్ళకి బాత్రూమ్, పిల్లలకి వింత, ఒకే చోట. పెద్దపిల్ల కోసం మినిట్‌మన్ క్షిపణి కేంద్రం ఉంది. ప్రచ్ఛన్నయుద్ధం నాటి గోతిలో, అద్దం మూత కింద క్షిపణి కనబడుతుంది. చివర్లో బ్యాడ్‌లాండ్స్, ఆ తర్వాత నలుగురు అధ్యక్షుల ముఖాలు చెక్కిన కొండ, మౌంట్ రష్‌మోర్. రష్‌మోర్ ఆలోచన కూడా పర్యాటకుల్ని రప్పించడానికే 1923లో డోన్ రాబిన్సన్ అనే చరిత్రకారుడికి పుట్టింది, కాబట్టి అదీ ఈ కుటుంబంలోదే. కాకపోతే అది ఉన్న బ్లాక్ హిల్స్ కొండలు 1868 ఒప్పందం ప్రకారం లకోటా ఆదివాసీలవి. 1980లో సుప్రీంకోర్టు పరిహారం ఇవ్వమన్నా వాళ్ళు డబ్బు ముట్టుకోలేదు, కొండలే కావాలన్నారు. ఆ మాట అక్కడ నిలబడి పిల్లలకి చెప్పి తీరాలి.

నడపడంలోనూ తేడా ఉంది. ఐ-90 మీద స్టీరింగ్ తిప్పే పనే తక్కువ, సౌత్ డకోటాలో వేగం ఎనభై మైళ్ళు. రూట్ 66లో ఫోన్ మ్యాప్ అదేపనిగా ఐ-40 ఎక్కించడానికే చూస్తుంది. పాత రోడ్డులోనే ఉండాలంటే ఒక్కో ఊరినీ ముందే మ్యాప్‌లో వరసగా పెట్టుకోవాలి, పక్క సీట్లో ఒకరు పూర్తిగా ఆ పని మీదే ఉండాలి. తిండి విషయంలో రెండూ రెండే. ఒకచోట డెబ్భై రెండు ఔన్సుల గొడ్డుమాంసం గంటలో తింటే ఉచితమనే హోటల్, ఇంకోచోట స్పామ్ మాంసం డబ్బాల మ్యూజియం. శాకాహారులు కూలర్లో పెరుగన్నం, పులిహోర పెట్టుకోవడమే శరణ్యం.

సెలవులు ఎప్పుడన్నదీ చూసుకోవాలి. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కైతే సౌత్ డకోటా మాటే వద్దు, మంచు ఉంటుంది. అప్పుడు అమరిల్లో నుంచి హోల్‌బ్రుక్ ముక్కే సరి. జూన్, జూలైలో ఐ-90. ఆగస్టు మొదట్లో రాపిడ్ సిటీ పక్కన స్టర్జిస్‌లో మోటార్‌సైకిళ్ళ సంబరం జరుగుతుంది, ఆ రోజుల్లో చుట్టుపక్కల గది దొరకదు. ఇంకో సంగతి, నేషనల్ పార్క్ పాస్ బ్యాడ్‌లాండ్స్‌లో చెల్లుతుంది కానీ రష్‌మోర్ పార్కింగ్‌కి చెల్లదు.

డల్లస్‌లో ఉండేవాళ్ళకి లెక్క వేరు. వాళ్ళు సౌత్ డకోటా చేరేసరికే పిల్లలు విసిగిపోతారు. అమరిల్లో అయితే పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికల్లా చేరొచ్చు, స్ప్రే డబ్బాలు ఇంటి దగ్గరే కొనుక్కుని, పాత బట్టలు వేసుకుని వెళ్ళండి.