పాత టర్బో కారులో ఐడ్లింగ్ వణుకు: చవక ఓబీడీ స్కానర్‌ను ఏళ్ల తరబడి వాడాక

వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఆన్‌లైన్‌లో దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్‌పై (కారులోని కంప్యూటర్ నుంచి సమాచారం చదివి ఫోన్‌కు పంపే పరికరంపై) ఈ సమీక్ష. దీన్ని కొనేవారిలో చాలామంది ఇంజన్ లైట్ వెలిగినప్పుడు కోడ్ చదవడానికీ, దాన్ని చెరిపి లైట్ ఆర్పడానికీ వాడి, తరువాత డ్యాష్‌బోర్డు అరలో పడేస్తారు. నా దృష్టిలో ఈ పరికరం చేసే పనులన్నిటిలో తక్కువ విలువైనది ఆ కోడ్ చదవడమే. ఇంజన్ నడుస్తుండగా కంప్యూటర్ ఏ అంకెలను చూస్తోందో వాటిని మన ఫోన్‌లో చూపించడంలోనే దీని అసలు ప్రయోజనం ఉంది. పదేళ్లు దాటిన టర్బో పెట్రోల్ కారు సిగ్నల్ దగ్గర వణుకుతుంటే, బానెట్ కింద ఏది ఏమిటో అప్పుడప్పుడే తెలుసుకుంటున్న మనిషికి ఆ అంకెలను మించిన సాయం లేదు.

నాది 2013లో తయారైన 1.8 లీటర్ల డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ సెడాన్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. హైదరాబాద్‌లో రోజువారీ తిరుగుడుకు వాడతాను. హైవే మీద ఏ లోపమూ తెలిసేది కాదు. పికప్ బాగానే ఉండేది. సిగ్నల్ దగ్గర ఆపితే మాత్రం, అంటే కారు కదలకుండా ఇంజన్ ఊరికే నడిచే ఐడ్లింగ్‌లో, ఆర్‌పీఎం ముల్లు 650కీ 850కీ మధ్య ఊగేది, స్టీరింగ్ సన్నగా అదిరేది, ఏసీ కంప్రెసర్ అందుకున్న క్షణంలో ఇంజన్ ఆగిపోతుందేమో అన్నట్టు కుంగి మళ్లీ లేచేది. మొదట చూపించిన షెడ్డులో ‘మిస్సింగ్ కొడుతోంది’ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండడం లేదు) అని తేల్చి, నాలుగు ప్లగ్గులూ వాటికి కరెంటు పంపే నాలుగు కాయిల్సూ మార్చి, అప్పటికీ తగ్గకపోతే ఇంజెక్టర్లు చూద్దామని అంచనా రాసిచ్చారు. ఏ పరీక్షా చేయకుండా ఒకదాని తరువాత ఒకటి పార్టులు మార్చుకుంటూ పోయే ఈ పద్ధతి పాత టర్బో కార్ల యజమానుల జేబులు ఎలా ఖాళీ చేస్తుందో ఆ కాగితం చూస్తేనే అర్థమైంది. స్కానర్ కొన్నది అందుకే.

ముందు పరికరం సంగతి. ఈ చవక స్కానర్లన్నిటి మీదా ఈఎల్ఎం 327 అన్న పేరే ఉంటుంది. అసలు ఆ చిప్‌ను రూపొందించింది కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ సంస్థ. ఇప్పుడు బజారులో దొరికేవి దాదాపు అన్నీ నకళ్లే. వాటి పెట్టెల మీద తరచుగా కనిపించే 1.5 వెర్షన్‌ను అసలు సంస్థ ఏనాడూ విడుదల చేయలేదు. నకలు కనుక పనికిరాదని అనను. సాధారణ ఓబీడీ సమాచారాన్ని చదవడానికి నా దగ్గరున్నది సరిపోయింది. దాని నెమ్మదితనం మాత్రం వాడేవారు ముందే తెలుసుకోవాలి. ఫోన్ తెర మీద ఒకేసారి పది రీడింగులు పెడితే ఒక్కొక్క అంకె మారడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది, ఆ లోపల ఇంజన్ చేయవలసిన గొడవంతా చేసి ఊరుకుంటుంది. మూడు నాలుగు అంకెలకు మించి పెట్టుకోకుండా చూస్తేనే ఫలితం ఉంటుంది. పాత తరహా బ్లూటూత్ ఉన్న రకం ఆండ్రాయిడ్ ఫోన్లతో బాగా కలుస్తుంది కానీ ఐఫోన్‌తో పనిచేయదు. ఐఫోన్ ఉన్నవారు వైఫై రకాన్నో, బ్లూటూత్ లో ఎనర్జీ రకాన్నో తీసుకోవాలి. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లోని 16వ పిన్నుకు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది కనుక, పని అయ్యాక స్కానర్‌ను పీకి పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. వారం పాటు కదలని కారులో దీన్ని వదిలేస్తే బ్యాటరీ దిగిపోయే అవకాశం ఉంది.

నా కారులో అది చదివిన కోడ్లు రెండు: పీ0171, పీ0300. మొదటిది మిశ్రమంలో పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైందని చెబుతుంది, రెండోది ఏదో ఒక సిలిండర్ అని కాకుండా అక్కడక్కడా మిస్‌ఫైర్ (అదే మిస్సింగ్) జరుగుతోందని చెబుతుంది. ఈ రెండింటిలో ఏదీ ఫలానా పార్టు పాడైందని చెప్పదు. పీ0171ను చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేవారు ఎందరో ఉన్నారు. గాలి ఎక్కువైందన్న నిజాన్ని ఆ సెన్సర్ సరిగ్గా చెబుతున్నందుకే దాన్ని పీకి పారేయడం ఎంత అన్యాయమో ఆలోచించండి. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎంత వేడిగా ఉంది, ఎంత ఆర్‌పీఎంలో ఉంది, ఎంత లోడ్ మీద ఉంది అన్న వివరాలు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పేరుతో భద్రంగా ఉంటాయి. నా ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఇంజన్ పూర్తిగా వేడెక్కి ఉంది, ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో ఉంది, కారు వేగం సున్నా. కోడ్‌ను చెరిపితే ఈ వివరాలు కూడా పోతాయి. అందుచేత షెడ్డుకు వెళ్లేముందే తెరను ఫోటో తీసి పెట్టుకోవడం మంచిది. లైట్ ఆర్పేస్తేనే పని అయిపోయిందనుకునే మెకానిక్కులు మన ఊళ్లలో తక్కువేమీ కాదు.

అసలు కథంతా ఫ్యూయల్ ట్రిమ్ అంకెల్లో ఉంది. ఎంత గాలి వస్తోందో కొలిచి, దానికి తగినంత పెట్రోల్ కొట్టడం కంప్యూటర్ పని. కాలిన తరువాత ఆక్సిజన్ సెన్సర్ చెప్పిన దాన్నిబట్టి ఆ మోతాదును కొంచెం పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. అప్పటికప్పుడు చేసే సవరణను షార్ట్ టర్మ్ ట్రిమ్ అనీ, కొంతకాలంగా నేర్చుకుని స్థిరపరచుకున్న సవరణను లాంగ్ టర్మ్ ట్రిమ్ అనీ అంటారు. రెండూ కలిపి ప్లస్ లేదా మైనస్ ఐదు శాతం లోపల ఉంటే నిశ్చింత, పది దాటితే వెతకడం మొదలుపెట్టాలి. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందు ఈ అంకెలను నమ్మకూడదు. కూలెంట్ ఎనభై డిగ్రీలు దాటిన తరువాతే చూడాలి. నా కారులో ఐడ్లింగ్‌లో లాంగ్ టర్మ్ ప్లస్ 19 దగ్గర నిలిచి ఉండేది, షార్ట్ టర్మ్ దాని మీద మరో నాలుగైదు శాతం ఊగేది. యాక్సిలరేటర్‌ను మెల్లగా తొక్కి ఆర్‌పీఎంను 2,500 దగ్గర నిలిపి ఉంచితే అర నిమిషంలో రెండింటి మొత్తం ప్లస్ ఆరుకు దిగివచ్చేది. ఈ ఒక్క తేడాయే సగం దారి చూపించింది. ఎక్కడో చిన్న కంత ద్వారా లెక్కలోకి రాని గాలి దూరుతుంటే, ఇంజన్ తక్కువ గాలి పీల్చే ఐడ్లింగ్‌లో ఆ దొంగగాలి వాటా పెద్దది, ఎక్కువ గాలి పీల్చేటప్పుడు దాని వాటా చిన్నది. పెట్రోల్ పంపు నీరసించినా, ఫిల్టర్ మూసుకుపోయినా ఇందుకు తిరగబడి, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంది. హైవే మీద ఏ లోపమూ ఎందుకు తెలియలేదో కూడా దీనితో తేలిపోయింది.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. గాలిని ఎయిర్‌ఫ్లో మీటరుతో కొలిచే కార్లకే ఈ తర్కం పూర్తిగా వర్తిస్తుంది. మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల భాగం) ఒత్తిడిని బట్టి మాత్రమే గాలిని లెక్కగట్టే చిన్న టర్బో ఇంజన్లలో దొంగగాలి కూడా ఒత్తిడి లెక్కలోకి వచ్చేస్తుంది కనుక ట్రిమ్ అంతగా పెరగకపోవచ్చు, దానికి బదులు ఆర్‌పీఎం పెరుగుతుంది. మరో మాట: పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ పూర్తిగా కాలడానికి ఒక పాలు ఇంధనానికి సుమారు 14.1 పాళ్ల గాలి కావాలి, ఇరవై శాతం ఉన్నదానికి సుమారు 13.5 పాళ్లు చాలు. అంటే పాత లెక్కలతో తయారైన కారు ఈ20 పెట్రోల్ మీద ట్రిమ్‌ను నాలుగైదు శాతం పైకి జరుపుకోవడం సహజమే. నా అంకెల్లో 2,500 దగ్గర మిగిలిన ఆరు శాతంలో చాలా భాగం దానిదేనని నా అంచనా. దాన్ని లోపంగా లెక్కించి వెంటపడలేదు.

టర్బో లేని కారయితే దొంగగాలి కోసం వెతకవలసిన చోట్లు తక్కువ. టర్బో కారులో గొట్టాలు ఎక్కువ, పైగా ఒకే కంత రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. థ్రాటల్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే తలుపు) తరువాతి భాగంలో కంత ఉంటే ఐడ్లింగ్‌లో లోపల వ్యాక్యూమ్ ఉంటుంది కనుక అది బయటి గాలిని పీలుస్తుంది. బూస్ట్ అందుకున్నప్పుడు, అంటే టర్బో గాలిని ఒత్తిడితో నెట్టేటప్పుడు, లోపలి గాలిని బయటికి వదులుతుంది. టర్బోకూ థ్రాటల్‌కూ మధ్య ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) గొట్టాల్లో క్లాంపు వదులైతే ఐడ్లింగ్‌లో పెద్దగా తెలియదు. పికప్ తగ్గుతుంది, ఈల వినిపిస్తుంది, కొలిచిన గాలి బయటికి పోవడంతో మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువై నల్లపొగ కూడా రావచ్చు. స్కానర్‌లో మానిఫోల్డ్ ఒత్తిడిని చూస్తే ఈ విభజన సులువవుతుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి చూస్తే ఆ సెన్సర్ బయటి గాలి ఒత్తిడినే చూపాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి ఐదు వందల మీటర్లకు పైన ఉంది కనుక ఇక్కడ 95 కిలోపాస్కల్ దగ్గర, విశాఖ తీరాన 101 దగ్గర చూపిస్తే సెన్సర్ సవ్యంగా ఉన్నట్టే. వేడెక్కి ఐడ్లింగ్‌లో ఉన్న ఆరోగ్యవంతమైన ఇంజన్‌లో ఆ అంకె ముప్ఫైల్లో ఉంటుంది. నాది నలభై దాటి ఊగుతుండేది. బూస్ట్‌లో మాత్రం ఒత్తిడి మామూలుగానే పెరుగుతోంది. కాబట్టి ఇంటర్‌కూలర్ గొట్టాలను పక్కన పెట్టి, మానిఫోల్డ్‌తో కలిసిన చిన్న చిన్న దారుల మీద దృష్టి పెట్టాను.

ఆ దారుల్లో ముఖ్యమైనవి బ్రేక్ బూస్టర్ గొట్టం, పెట్రోల్ ట్యాంకు ఆవిరిని పంపే పర్జ్ వాల్వ్, క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగుభాగం) ఆవిరిని మళ్లీ ఇంజన్‌లోకి పంపే పీసీవీ వాల్వ్. పర్జ్ వాల్వ్ తెరుచుకుని బిగుసుకుపోతే పెట్రోల్ పోయించుకున్న వెంటనే స్టార్టింగ్ కష్టమై ఐడ్లింగ్ చెడడం దాని ఆనవాలు. నా కారులో అది లేదు. పీసీవీ లోపల పల్చని రబ్బరు పొర ఒకటి ఉంటుంది. వేడికీ ఆయిల్ ఆవిరికీ ఏళ్ల తరబడి నానిన ఆ పొర చిరిగితే, మూత మీద ఉన్న గుండుసూది తలంత శ్వాసరంధ్రం గుండా బయటి గాలి సరాసరి మానిఫోల్డ్‌లోకి వెళుతుంది. ఇంజన్ నడుస్తుండగా చెవి దగ్గర పెట్టి వింటే సన్నని ఈల వినిపించింది. బెల్టులకు దూరంగా, చొక్కా చేతులు మడిచి, ఆ రంధ్రాన్ని వేలితో మూశాను. ఈల ఆగింది, స్టీరింగ్ అదురు తగ్గింది. అన్నిటికంటే నమ్మదగిన సాక్ష్యం ఫోన్ తెర మీద కనిపించింది. షార్ట్ టర్మ్ ట్రిమ్ ప్లస్ ఐదు నుంచి సున్నా దాటి మైనస్ పన్నెండు దాకా పడిపోయింది. లాంగ్ టర్మ్‌లో అప్పటికే అదనంగా కలుపుతున్న పెట్రోల్ ఒక్కసారిగా ఎక్కువైపోయినందుకే అది అలా కిందికి దిగింది. వేలు తీసేస్తే మళ్లీ యథాస్థితి. పీసీవీ అసెంబ్లీ మార్చాక ఐడ్లింగ్ ట్రిమ్ కూడా ఆరు శాతం దగ్గరే కుదురుకుంది. కాయిల్స్, ప్లగ్గులు, ఇంజెక్టర్ల ఆ అంచనా కాగితంలో ఈ పార్టు ప్రస్తావనే లేదు.

కంత వెతకడానికి కార్బ్ క్లీనర్ కొట్టి చూడమని చాలామంది సలహా ఇస్తారు. ఎర్రగా కాలే టర్బో ఉన్న బానెట్ కింద మండే స్ప్రే కొట్టడం కొత్తవారికి తగిన పని కాదు. షెడ్డులో పొగ పరీక్ష చేయించుకోవడం మేలు. అయితే ఆ పొగను చాలా తక్కువ ఒత్తిడితో పంపిస్తారు కనుక, బూస్ట్‌లో మాత్రమే నోరు తెరిచే పగుళ్లు అందులో దొరకకపోవచ్చని గుర్తుంచుకోవాలి.

కొన్ని నెలల తరువాత ఉదయం పూట చల్లటి స్టార్టింగ్‌లో మళ్లీ మిస్సింగ్ మొదలైంది. ఈసారి కోడ్ పీ0302, అంటే రెండో సిలిండర్. ఇక్కడ స్కానర్ పని తేలిక. ఇంజన్ ఆపి, రెండో సిలిండర్ కాయిల్‌ను మూడోదానిలో, మూడోదాన్ని రెండోదానిలో పెట్టి నడిపితే కోడ్ పీ0303గా మారింది. లోపం కాయిల్‌తోపాటు నడిచింది కనుక ఆ ఒక్క కాయిల్ మారిస్తే సరిపోయింది. కోడ్ మారకుండా ఉంటే ప్లగ్గులను అదే విధంగా మార్చి చూడాలి. టర్బో ఇంజన్‌లో సిలిండర్ ఒత్తిడి ఎక్కువ కనుక ప్లగ్గు సందు వెడల్పయితే నిప్పురవ్వ దూకలేదు. చాలా టర్బో ఇంజన్లకు అది 0.7, 0.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, కచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూడాలి.

పరికరానికి కనిపించనివీ ఉన్నాయి. ఆర్‌పీఎం నిలకడగా ఉండి, మిస్‌ఫైర్ లెక్క సున్నాగా ఉండి, ట్రిమ్ బాగుండి, ఆటోమేటిక్ గేరును డీలో (డ్రైవ్‌లో) పెట్టి బ్రేక్ తొక్కినప్పుడు మాత్రం సీటు అదురుతుంటే అనుమానించవలసింది ఇంజన్ మౌంటును (ఇంజన్‌ను పట్టి ఉంచే దిమ్మను). దాని గురించి ఏ సెన్సరూ చెప్పదు. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి వెళుతుంది కనుక ఇన్‌టేక్ వాల్వుల మీద పేరుకునే మసిని కడిగేది ఏదీ ఉండదు, ఆ మసి ఎంత ఉందో చూడాలంటే సన్నని కెమెరా లోపలికి దించవలసిందే. థ్రాటల్ బాడీ శుభ్రం చేయించాక చేయవలసిన అడాప్టేషన్ (థ్రాటల్ స్థానాన్ని కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించడం), ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు ఈ చవక స్కానర్‌కు అందవు. వాటికి ఆయా కంపెనీ కార్ల కోసం చేసిన సాఫ్ట్‌వేర్ కావాలి. బ్లూటూత్ మధ్యమధ్యలో తెగిపోవడం చికాకే కానీ, యాప్ మూసి తెరిస్తే మళ్లీ కలుస్తుంది.

కొనదలచినవారికి ఒక మాట. మన దేశంలో బీఎస్-4 కార్లకు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ-1, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందరి కార్లలో సాకెట్ ఉన్నా అన్ని అంకెలూ రాకపోవచ్చు కనుక, వాపసు గడువు ముగిసేలోపే మీ కారుకు తగిలించి ఫ్యూయల్ ట్రిమ్, మానిఫోల్డ్ ఒత్తిడి, కూలెంట్ వేడి, ఈ మూడూ కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. కనిపించకపోతే ఆ స్కానర్‌ను వెనక్కి పంపేయండి. కనిపిస్తే, కారు బాగున్న రోజునే ఐడ్లింగ్‌లో ఒకసారి, 2,500 దగ్గర ఒకసారి ఆ అంకెలను రాసి పెట్టుకోండి.