వదలని నడుము నొప్పికి విశ్రాంతి మేలా, నడక మేలా, ఆపరేషన్ మేలా?

మూడు నెలలు దాటినా నడుము నొప్పి వదలనివారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: "ఎమ్మారైలో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బిందని రాశారు, ఇప్పుడు పడుకుని విశ్రాంతి తీసుకోవాలా, వ్యాయామం మొదలుపెట్టాలా, ఆపరేషన్‌కు సిద్ధపడాలా?" ఈ మూడింటికీ ఎంతోకొంత ఉపశమనం ఇచ్చే గుణం ఉంది. అయితే నడుము నొప్పి తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే జబ్బు కాబట్టి, ఏ మార్గం దాన్ని ఎక్కువ కాలం దూరంగా ఉంచుతుందన్నదే నా దృష్టిలో అసలైన కొలత.

ముందు కారణం సంగతి చూడాలి. దీర్ఘకాలిక నడుము నొప్పిలో అత్యధిక భాగానికి ఫలానా ఎముక, ఫలానా డిస్క్ కారణమని వేలుపెట్టి చూపడం సాధ్యం కాదు. బలహీనపడిన కండరాలు, గంటల తరబడి ఒకే భంగిమ, నిద్రలేమి, మానసిక ఒత్తిడి, కదిలితే ఏమవుతుందోనన్న భయం కలిసి నొప్పిని నిలబెడతాయి. నొప్పి ఏమాత్రం లేనివారి స్కానింగులను పరిశీలించిన ఒక సమీక్ష 2015లో వెలువడింది. దాని ప్రకారం ఇరవై ఏళ్లవారిలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు ఉంది. అంటే రిపోర్టులో ఆ మాట కనిపించినంత మాత్రాన నొప్పికి కారణం దొరికిందని అనుకోలేము. రిపోర్టు చదివి భయపడి కదలడం మానేసినవారి నడుము, ఆ మానేయడం వల్లనే మరింత బలహీనపడుతుంది.

దీనికి మినహాయింపులు ఉన్నాయి, వాటిని ఎవరూ తేలికగా తీసుకోకూడదు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రివేళ తీవ్రమయ్యే నొప్పి ఉంటే వెన్నుపూస క్షయ, క్యాన్సర్ వంటివి లేవని తేల్చుకోవాలి. నలభై ఏళ్లలోపు మొదలై, పొద్దున్నే అరగంటకు పైగా నడుము బిగుసుకుపోయి, కదిలేకొద్దీ సడలే నొప్పి అయితే ఆంకైలోసింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు) కావచ్చు. దానికి కీళ్లవాతం నిపుణుల మందులు అవసరమవుతాయి. వయసు మళ్లిన స్త్రీలకు చిన్నపాటి జారుడుతోనే పూస నలిగే ప్రమాదం ఉంటుంది. మూత్రం రాక ఆగిపోయినా, అదుపు తప్పినా, మర్మావయవాల చుట్టూ స్పర్శ తగ్గినా, కాళ్లు బలహీనపడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇవేవీ లేనివారికి విశ్రాంతి గురించి చెప్పాల్సింది తక్కువే. నొప్పి విపరీతంగా ఉన్న ఒకటి రెండు రోజులు పడుకోవచ్చు, అంతకు మించి మంచం పట్టడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

నడక విషయంలో నాకు నమ్మకం కలిగించినది ఆస్ట్రేలియాలో 701 మందిపై జరిగి, 2024లో ఫలితాలు వెలువడిన పరీక్ష. అప్పుడే నడుము నొప్పి నుంచి కోలుకున్నవారిలో సగం మందికి ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో క్రమంగా పెంచుతూ పోయే నడకను, నొప్పి గురించిన అవగాహనను అందించారు. మిగతావారికి ఏ చికిత్సా ఇవ్వలేదు. రోజువారీ పనులకు అడ్డుపడే స్థాయిలో నొప్పి తిరగబెట్టడానికి పట్టిన మధ్యస్థ కాలం నడిచినవారిలో 208 రోజులు, నడవనివారిలో 112 రోజులు. వారు చేరుకోవాల్సిన లక్ష్యం వారానికి ఐదు సార్లు, సుమారు అరగంట చొప్పున నడవడం, అది కూడా ఆరు నెలల వ్యవధిలో. మన దగ్గర చాలామంది మొదటి రోజే గంటసేపు నడిచి, మర్నాడు నొప్పి పెరిగిందని మానేస్తారు. పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి కొద్దికొద్దిగా పెంచితే శరీరం అలవాటుపడుతుంది. ఈ క్రమంలో నొప్పి కొంచెం పెరిగినా నడుముకు హాని జరుగుతోందని అర్థం కాదు.

"మేము రోజంతా ఒళ్లు వంచి పని చేస్తూనే ఉన్నాము, ఇంకా వ్యాయామం ఎందుకు?" అని వరి నాట్లకు వెళ్లే స్త్రీలు అడగడం న్యాయమే. గంటల తరబడి నడుము వంచే ఉంచడం ఒకే కండరాలను అలసటకు గురిచేస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగికి కూడా వేరే రూపంలో అదే జరుగుతోంది. ఇద్దరికీ కావలసింది మధ్యమధ్య నిటారుగా లేచి నాలుగు అడుగులు వేయడం, పొట్ట, పిరుదు, వెన్ను కండరాలను బలపరిచే వ్యాయామాలు చేయడం.

నడక నచ్చనివారు యోగా ఎంచుకోవచ్చు. బోస్టన్‌లో 320 మందిపై జరిగి 2017లో వెలువడిన పరీక్షలో దీర్ఘకాలిక నడుము నొప్పికి యోగా, ఫిజియోథెరపీ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. కాలిలోకి లాగే నొప్పి ఉన్నవారు మాత్రం పశ్చిమోత్తానాసనం వంటి ముందుకు వంగే ఆసనాలను సలహా లేకుండా చేయకూడదు.

నడుము బెల్టు, ట్రాక్షన్ (నడుమును సాగేలా లాగి ఉంచే చికిత్స) దీర్ఘకాలిక నొప్పికి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే సూచించింది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు కొద్ది రోజులకు సరే, నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బతినడం వంటి ప్రమాదాలున్నాయి. చెక్క మీద, నేల మీద పడుకోవాలన్న నియమం కూడా అవసరం లేదు. మరీ గట్టిదాని కంటే మధ్యస్థంగా గట్టిగా ఉండే పరుపే మేలని 2003లో స్పెయిన్‌లో జరిగిన పరీక్షలో తేలింది.

ఇక ఆపరేషన్. డిస్క్ జారి నరాన్ని నొక్కడం వల్ల కాలిలోకి పాకే సయాటికా నొప్పికి అది వేగంగా ఉపశమనమిస్తుంది. ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో ఉన్న 283 మందిపై నెదర్లాండ్స్‌లో జరిగి 2007లో వెలువడిన పరీక్షలో, త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారు, ఆపరేషన్ లేకుండా ఆగి చూసినవారి కంటే ముందుగా తేరుకున్నారు. ఏడాది గడిచేసరికి మాత్రం రెండు వర్గాలలోనూ కోలుకున్నవారు 95 శాతం. ఆగి చూసిన వర్గంలో 39 శాతం మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారన్నది కూడా నిజం, కాబట్టి భరించలేని కాలి నొప్పి ఉన్నవారిని నేను వారించను. నొప్పి నడుముకే పరిమితమై ఉన్నప్పుడు ఆపరేషన్ ఫలితం అంత నమ్మకంగా ఉండదు. అందువల్ల సంతకం పెట్టే ముందు సర్జన్‌ను రెండు విషయాలు అడగండి: స్కానింగులో నొక్కుకుపోయిన నరం, నా కాలిలో నొప్పి లేదా తిమ్మిరి ఉన్న చోటు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా? కాలి బలహీనత లేనప్పుడు మరికొన్ని వారాలు వ్యాయామంతో ఆగి చూస్తే నాకు నష్టమేమైనా ఉందా?