జాగ్రత్త: "స్టాండు మీద నుంచి పడింది, అంతే" అనే బండి మొదటి బండిగా వద్దు

యాక్సిడెంట్ అయిన సెకండ్ హ్యాండ్ బైక్ తక్కువకు వస్తోంది, నేర్చుకోవడానికి అది చాలులే అనుకుంటున్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు ఒకసారి ఇది చదవండి. మా తమ్ముడు అలాంటి బండే కొన్నాడు. డబ్బు పోయిన సంగతి సరే, అసలు బండి నడపడమే తన వల్ల కాదని వాడు నమ్మేదాకా వచ్చింది. నాకు ఎక్కువ కోపం తెప్పించింది అదే.

అమ్మినాయన చెప్పింది ఇది: "నడుస్తూ పడింది కాదండీ, స్టాండు మీద నుంచి పక్కకు ఒరిగింది. లివరు, అద్దం మార్చేశాను. ఇక కొత్త బండి కిందే లెక్క." ట్యాంకు తళతళలాడుతోంది, సీటు కవరు కొత్తది, ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. ఆ సమయానికి నేను దగ్గర లేను. వాడే నడిపి చూశాడు, బాగానే ఉందన్నాడు. అనక ఏం చేస్తాడు? అంతకుముందు వాడు నడిపింది డ్రైవింగ్ నేర్పేవాళ్ల బండి ఒక్కటే. బాగున్న బండి ఎలా ఉంటుందో చేతికి తెలిస్తేనే, బాగోలేనిది ఎలా ఉంటుందో తెలిసేది.

కొన్నాక బండి ఎప్పుడూ ఎడమకు లాగేది. నెమ్మదిగా మలుపు తిప్పుతుంటే హ్యాండిల్ మధ్యలో ఎక్కడో పట్టేసినట్టు ఆగి, తర్వాత ఒక్కసారిగా కదిలేది. ముందు బ్రేకు నొక్కితే లివరు వేళ్ల కింద అదిరేది. ఇవన్నీ తన చేతకానితనమే అనుకున్నాడు వాడు. బ్యాలెన్సు కుదరట్లేదని తెల్లవారకముందే ఖాళీ రోడ్డు మీదికి వెళ్లి ప్రాక్టీసు చేసేవాడు. భుజాలు నొప్పి అంటే కొత్త కదా, అలవాటైతే పోతుందిలే అని ఇంట్లో అందరూ సర్దిచెప్పారు. తర్వాత నేను వచ్చి ఎక్కి, వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చేలోపే సంగతి తెలిసిపోయింది. బండి నేరుగా పోతోంది, హ్యాండిల్ మాత్రం పక్కకు తిరిగి ఉంది.

విప్పించి చూస్తే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కుల్లో ఎడమ పైపు వంగి ఉంది. ఆ పక్క ఆయిల్ సీలు కారుతోంది, చూపించే రోజు తుడిచేసినట్టున్నారు. హ్యాండిల్ తిరిగే కోన్‌సెట్‌లో బేరింగ్ గుండ్లు కూర్చునే చోట గుంటలు పడ్డాయి. అందుకే మధ్యలో పట్టేసేది. ముందు బ్రేకు డిస్కు వంకర. ఇవన్నీ ఒక ఎత్తు, స్టాపర్ ఒక ఎత్తు. హ్యాండిల్‌ను రెండు పక్కలా ఒక హద్దు దాటి తిరగనివ్వకుండా ఛాసిస్ మెడ దగ్గర, అంటే బండి ఫ్రేముకు హ్యాండిల్ అమరే చోట, చిన్న ఇనుప ముక్క ఉంటుంది. అది విరిగితే వెల్డింగ్ పెట్టి, పైన నల్ల పెయింటు కొట్టారు. స్టాండు మీద నుంచి ఒరిగిన బండికి మామూలుగా స్టాపర్ విరగదు. ముందు చక్రం దేన్నో గట్టిగా కొట్టి, హ్యాండిల్ హద్దు దాటి తిరిగితే విరుగుతుంది. ఫోన్ చేసి అడిగితే, "చూసుకునే కదండీ కొన్నారు" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

కొత్తగా కొనేవాళ్లు చాలామంది గీతలు చూసి భయపడతారు, మెరుపు చూసి ధైర్యం తెచ్చుకుంటారు. బైకుల విషయంలో ఇది తరచూ తలకిందులవుతుంది. మలుపులో జారి పక్కకు పడి రోడ్డు మీద రాసుకుంటూ పోయిన బండి చూడ్డానికి ఘోరంగా ఉంటుంది. సైలెన్సర్ గీరుకుపోయి, ఇంజిన్ కవరు అరిగి, ఫుట్‌రెస్ట్ చివర సగం లేకుండా పోతుంది. అయినా లోపల ఛాసిస్ నిటారుగానే ఉండొచ్చు. ముందు నుంచి గుద్దుకున్న బండికి ఒక్కోసారి పక్కల మీద గీతే ఉండదు, దెబ్బంతా ఫోర్కుల్లోకి, మెడలోకి పోతుంది. పైన పటారం లోన లొటారం అని ఊరికే అనలేదు.

నిలబెట్టిన చోట పడిందన్న మాట నిజమో కాదో గీతలే చాలావరకు చెబుతాయి. ఉన్నచోటే ఒరిగితే హ్యాండిల్ చివర, లివరు కొస, ఫుట్‌రెస్ట్ కొస, అద్దం అంచు, వీటి మీదే చిన్న మచ్చలు పడతాయి. గీతలు పొడుగ్గా, అన్నీ ముందు నుంచి వెనక్కి ఒకే దిశలో ఉంటే ఆ బండి నడుస్తూ పడినట్టే. గీతలే కనబడకపోతే ఒకే పక్కన ఏమేం కొత్తవో చూడండి. కుడి పక్క అద్దం, లివరు, గ్రిప్పు, ఫుట్‌రెస్ట్ కొత్తవి, ఎడమ పక్కవి పాతవి అయితే బండి కుడి పక్కకు పడిందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. రిపేరుకు ముందు తీసిన ఫోటోలు అడగండి. నిజంగా చిన్న దెబ్బే అయితే చూపించడానికి మొహమాటం ఎందుకు?

ఇక ముందు భాగం. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి, మిగతాది తర్వాత. బండిని సమతలం మీద నిటారుగా నిలబెట్టి పక్క నుంచి చూస్తే రెండు ఫోర్కు పైపులు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నట్టు కలిసిపోవాలి. ఒకటి ముందుకో వెనక్కో తేలి కనబడితే వంగిందో, మెలిపడిందో. ఈ రెండూ ఒకటి కాదు. మెలిపడితే, అంటే పైపులు వంగకుండా పట్టులో మాత్రమే పక్కకు తిరిగితే, వాటిని పట్టి ఉంచే క్లాంపు బోల్టులు వదులు చేసి సరిచేయొచ్చు, అది పెద్ద పని కాదు. వంగితే మాత్రం పైపు మార్చుకోవడమే మేలు. ముడత పడిన పైపును సాపు చేశామని ఎవరన్నా చెబితే ఆ బండి మీద ఎక్కకండి. తర్వాత ముందు చక్రం నేలకు తగలకుండా లేపించి హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు వేలితో తిప్పండి. ఎక్కడా ఆగకుండా నూనెలో జారినట్టు తిరగాలి. చివరిదాకా తిప్పినప్పుడు స్టాపర్లు రెండూ చూడండి, ట్యాంకుకు హ్యాండిల్ తగిలే చోట సొట్ట ఉందేమో వేళ్లతో తడమండి. టార్చి వేసి ఛాసిస్ మెడ చుట్టూ చూడండి. పెయింటు ముడతలు పడినా, జుట్టంత సన్నటి పగుళ్లు కనబడినా, అక్కడొక్కచోటే పెయింటు కొత్తగా ఉన్నా ఇక బేరం ఆడకండి, వచ్చేయండి. ఛాసిస్ వంగిందో లేదో కచ్చితంగా చెప్పాలంటే జిగ్ మీద, అంటే ఛాసిస్‌ను బిగించి కొలిచే చట్రం మీద, కొలవాలి. అల్యూమినియం ఛాసిస్ అయితే సాపు చేయించడం కన్నా మార్చడమే చాలాసార్లు దిక్కు.

చక్రం లేపి ఉండగానే తిప్పి, రిమ్ పక్కన పెన్ను కదలకుండా పట్టుకోండి. రిమ్‌కీ పెన్నుకీ మధ్య సందు పెద్దదవుతూ చిన్నదవుతూ ఉంటే రిమ్ అవుట్ అయినట్టు, అంటే వంకర పోయినట్టు. ఆ తేడాను చాలా బైకుల సర్వీస్ మాన్యువల్స్ 2 మిల్లీమీటర్ల దాకానే ఒప్పుకుంటాయి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి ఇంకో సంగతి: తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలగాలి, కాస్త దూరం నడిచాక ఆరిపోవాలి. ఆరకపోతే సమస్య ఉందని అందరికీ తెలుసు. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, లైటే పీకేసి ఉండొచ్చు.

నడిపి చూసేటప్పుడు చేతులు వదిలేసి బండి నేరుగా పోతుందో లేదో చూడమని కొందరు సలహా ఇస్తారు. కొత్తవాళ్లు ఆ పని చేయొద్దు. వంకర బండి మీద హ్యాండిల్ ఊగడం మొదలైతే అదుపు చేయడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. మీకు బదులు ఏళ్ల తరబడి బైక్ నడుపుతున్నవాళ్ల చేత నడిపించండి. రోడ్డు ఒక పక్కకు వాలి ఉంటే మంచి బండి కూడా కొంచెం లాగుతుంది కాబట్టి, వాళ్లు రెండు దిక్కులా నడిపి చెప్పాలి. మెకానిక్‌ను తీసుకెళితే మీ మనిషినే తీసుకెళ్లండి, అమ్మేవాళ్లకు తెలిసిన మెకానిక్ వద్దు. మెకానిక్‌కు చూపించడానికి ఒప్పుకోకపోతే అక్కడితో ఆ బేరం అయిపోయినట్టే.

"గంట పని, సామాను తెచ్చుకుంటే చాలు" అనే మాట కూడా తరచూ వింటాం. గంట పనైతే అది చేయించి మంచి ధరకే అమ్ముకునేవాళ్లు కదా! పైనుంచి చూసి వేసిన రిపేరు అంచనా కనీసపు అంచనా మాత్రమే, విప్పాక పెరగడమే తప్ప తగ్గడం నేను చూడలేదు.

అలాగని దెబ్బ తిన్న బండి ఎవరూ కొనకూడదని కాదు. తిరగడానికి ఇంకో బండి ఉండి, రిపేరు సరదా ఉండి, ఫోర్కులు, చక్రం మార్చాల్సి వస్తుందనే లెక్కతోనే ధర కుదుర్చుకునేవాళ్లకు అది మంచి బేరమే కావొచ్చు. రిపేరు గిట్టుబాటు కాదని ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద రాసేసినవన్నీ పనికిరానివేం కావు, ప్లాస్టిక్ భాగాల ఖరీదు వల్ల ఆ లెక్కలోకి వెళ్లినవీ ఉంటాయి. ఆ సంగతి దాచి అమ్మితేనే గొడవ. కానీ నేర్చుకోవడానికి అలాంటి బండి వద్దు. తప్పు తనదో బండిదో కొత్తవాడికి తెలియదు. మా వాడు మా పాత బండి ఎక్కిన మొదటి రోజే తిన్నగా నడిపాడు.

ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కాగితాలతో సరిపోల్చడం మర్చిపోకండి. అంకెల చుట్టూ గీకిన ఆనవాళ్లు ఉన్నా, అంకెలు వరస తప్పినట్టు ఉన్నా వదిలేయండి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తమ్ముడి బండి ఇంజిన్ బాగానే ఉంది కాబట్టి దాన్ని విడిభాగాలుగా అమ్ముతున్నాం. ఇంజిన్ కోసం, సైలెన్సర్ కోసం అడిగినవాళ్లు ఉన్నారు. ఒకాయన మాత్రం అవేవీ వద్దు, ఛాసిస్ మీద నంబరున్న ముక్క, కాగితాలు కలిపి ఇస్తారా అని అడిగాడు. ఏ దొంగబండికో ఆ నంబరు అతికించడానికేమో అనిపించి ఇవ్వలేదు.