పది సబ్‌డొమైన్లకు ఒక్క థీమ్: థీమ్‌ఫారెస్ట్, డివి, జనరేట్‌ప్రెస్ లైసెన్సుల రివ్యూ

వర్డ్‌ప్రెస్ థీమ్ కొనేటప్పుడు అందరూ డెమో చూస్తారు, రేటింగ్ చూస్తారు. లైసెన్సు పేజీ తెరిచేవాళ్లు తక్కువ. ఒకే సైటు ఉన్నంతకాలం దానివల్ల పెద్దగా నష్టం లేదు. దుకాణానికి ఒక సబ్‌డొమైన్, బ్లాగుకి ఇంకొకటి చేరాకనో, మల్టీసైట్ (ఒకే వర్డ్‌ప్రెస్‌తో చాలా సబ్‌సైట్లు నడిపే పద్ధతి) ఆన్ చేశాకనో "ఈ లైసెన్సు ఇప్పటికే వేరే డొమైన్ మీద ఉంది" అని ఎర్ర పట్టీ వస్తుంది. ఇక్కడ థీమ్‌ల అందచందాల జోలికి పోవడం లేదు. ఎన్వాటో వాళ్ల థీమ్‌ల అంగడి థీమ్‌ఫారెస్ట్ ఇచ్చే రెగ్యులర్ లైసెన్సు, డివి, జనరేట్‌ప్రెస్ ప్రీమియం ఒకటికి మించిన చిరునామాల మీద ఎలా నెగ్గుకొస్తాయో మాత్రమే చూద్దాం.

ముందుగా రెండు విషయాలు విడదీసుకోవాలి. లైసెన్సు కాగితం ఒకటి లెక్కపెడుతుంది, థీమ్‌లో కూర్చున్న తాళం ఇంకొకటి లెక్కపెడుతుంది. కాగితానికి కావాల్సింది ప్రాజెక్టు. తాళానికి తెలిసింది యూఆర్‌ఎల్ ఒక్కటే. కాగితం ఒప్పుకున్నా తాళం తెరుచుకోకపోవచ్చు; తాళం తెరుచుకుంది కదా అని కాగితం ఒప్పుకున్నట్టూ కాదు.

థీమ్‌ఫారెస్ట్ రెగ్యులర్ లైసెన్సు మాట సూటిగానే ఉంటుంది: మీకోసం గానీ ఒక్క క్లయింటు కోసం గానీ, ఒకే ఒక్క ఎండ్ ప్రొడక్ట్ (థీమ్‌తో తయారయ్యే సైటు). వేర్వేరు క్లయింట్లకు రెండు సబ్‌డొమైన్లు ఇస్తే రెండు లైసెన్సులు కొనాల్సిందే. రెండూ ఒకే మల్టీసైట్‌లో ఉన్నా, థీమ్ ఫోల్డరు సర్వర్లో ఒక్కటే ఉన్నా ఈ లెక్క మారదు. "ఎక్స్‌టెండెడ్ లైసెన్సు కొంటే ఎన్ని సైట్లకైనా వాడొచ్చు" అనుకోవడం బాగా పాతుకుపోయిన పొరపాటు. ఎక్స్‌టెండెడ్ కూడా ఒక్క ఎండ్ ప్రొడక్టుకే. వాడేవాళ్ల దగ్గర డబ్బు తీసుకునే ప్రొడక్ట్ అయినప్పుడు అది కావాలి, అంతే. మల్టీసైట్ పెట్టి, చేరినవాళ్లందరికీ ఆ థీమ్‌తో తలా ఒక సబ్‌సైట్ తయారుచేసి ఇచ్చే వ్యాపారమైతే, అలా తయారైన ప్రతి సైటుకీ విడిగా లైసెన్సు కావాలని షరతుల్లోనే ఉంది.

ఇక తాళం సంగతి. కొన్నాక డౌన్‌లోడ్స్ పేజీలో లైసెన్స్ సర్టిఫికెట్‌తోపాటు పర్చేజ్ కోడ్ వస్తుంది: హైఫన్లతో కలిపి 36 అక్షరాల తాడు. చాలామంది థీమ్ రచయితలు దీన్ని తమ సర్వర్లో ఒక డొమైన్‌కి ముడివేస్తారు. డెమో ఇంపోర్టు, వెంట వచ్చే ప్లగిన్ల ఇన్‌స్టాల్ ఆ ముడి పడ్డాకే తెరుచుకుంటాయి. థీమ్ అప్‌డేట్లకు మాత్రం ఇంకో దారి ఉంది. ఎన్వాటో మార్కెట్ అనే అధికారిక ప్లగిన్ పర్చేజ్ కోడ్ అడగదు, మీ ఖాతాలో తయారుచేసుకున్న పర్సనల్ టోకెన్‌తో పనిచేస్తుంది. సపోర్టు 6 నెలలు వస్తుంది, డబ్బు కట్టి 12 నెలలకు పొడిగించుకోవచ్చు.

వెంట వచ్చే ప్లగిన్ల దగ్గర మల్టీసైట్ వాళ్లు తెలియకుండానే గీత దాటుతుంటారు. థీమ్‌తో వచ్చిన స్లైడర్‌కో పేజ్ బిల్డర్‌కో ఆ థీమ్‌తో కలిపి వాడుకోవడానికే అనుమతి. మల్టీసైట్‌లో ప్లగిన్ ఫైళ్లు అన్ని సబ్‌సైట్లకూ ఉమ్మడి. ఒక్కసారి నెట్‌వర్క్ యాక్టివేట్ (అన్ని సబ్‌సైట్లలోనూ ఒకేసారి ఆన్ చేయడం) నొక్కితే, వేరే థీమ్ నడుస్తున్న సబ్‌సైట్లలోనూ ఆ స్లైడర్ ప్రత్యక్షమవుతుంది. కాబట్టి ఇలాంటివి ఆ థీమ్ ఉన్న సబ్‌సైట్‌లోనే విడిగా యాక్టివేట్ చేయాలి.

జీపీఎల్ (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే స్వేచ్ఛా లైసెన్సు) సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి రెండు ముక్కల్లో. వర్డ్‌ప్రెస్ జీపీఎల్ కిందే ఉంది, థీమ్‌లోని పీహెచ్‌పీ కూడా ఆ కిందికే వస్తుంది. థీమ్‌ఫారెస్ట్‌లో చాలా థీమ్‌లది స్ప్లిట్ లైసెన్సు: పీహెచ్‌పీ జీపీఎల్, సీఎస్ఎస్, బొమ్మలు వగైరా ఎన్వాటో షరతుల కింద. థీమ్ మొత్తం జీపీఎల్ అయితే ఎన్ని సైట్లలో నడిపినా అడ్డులేదు. అక్కడ డబ్బు తీసుకునేది అప్‌డేట్లకీ సపోర్టుకీ.

మల్టీసైట్ కోసం కొనేముందు దాని లోపలి పద్ధతి తెలిసుండాలి, ఎందుకంటే కంపెనీ ఏదైనా ఇబ్బందులు ఇక్కడే మొదలవుతాయి. థీమ్ ఫైళ్లు అన్ని సబ్‌సైట్లకూ ఒకే చోట ఉంటాయి. లైసెన్సు కీ మాత్రం మామూలుగా ఏ సబ్‌సైట్‌లో టైపు చేస్తే డేటాబేసులో ఆ సబ్‌సైట్ ఆప్షన్స్ టేబుల్లోనే పడుతుంది. అప్‌డేట్లు చేసేది నెట్‌వర్క్ అడ్మిన్ (సబ్‌సైట్లన్నిటినీ కలిపి నిర్వహించే పేజీలు) నుంచి. నెట్‌వర్క్ అడ్మిన్ నడిచేది మెయిన్ సైట్ సందర్భంలో, అంటే అప్పుడు లోడయ్యేది మెయిన్ సైట్‌లో ఉన్న థీమ్ కోడ్. మెయిన్ సైట్‌లో ఏదో ఉచిత థీమ్ పెట్టి, పెయిడ్ థీమ్‌ని మూడో సబ్‌సైట్‌లో వాడుతున్నారనుకోండి. పెయిడ్ థీమ్‌లోని అప్‌డేటర్ ఆ సమయంలో అసలు మేలుకోదు. కీ సరిగ్గానే ఉంటుంది, సబ్‌సైట్‌లో పచ్చ టిక్కు కనిపిస్తుంది, అప్‌డేట్ నోటీసు మాత్రం ఎప్పటికీ రాదు. నెలల తరబడి పాత వెర్షన్ అలాగే నడిచిపోతుంది.

మందు రెండు రకాలు. మెయిన్ సైట్‌లోనూ అదే థీమ్ గానీ దాని చైల్డ్ థీమ్ (అసలు థీమ్ మీద ఆధారపడుతూ మన మార్పులు మాత్రమే ఉంచుకునే థీమ్) గానీ పెట్టి, కీ అక్కడా వేయడం ఒకటి. సీట్ల లెక్క (ఇన్ని సైట్లకే అనే పరిమితి) ఉన్న లైసెన్సు అయితే దీనికి ఒక సీటు పోతుంది. కొత్త జిప్ దించుకుని నెట్‌వర్క్ అడ్మిన్‌లో థీమ్స్, యాడ్ న్యూ, అప్‌లోడ్ దారిలో ఎక్కించడం రెండోది. వర్డ్‌ప్రెస్ 5.5 నుంచి పాతదాని మీద కొత్తది పెట్టాలా అని అదే అడుగుతుంది, రెండు వెర్షన్ నంబర్లూ పక్కపక్కన చూపిస్తుంది. మార్పులు పేరెంట్ థీమ్ ఫైళ్లలోనే చేసి ఉంటే మాత్రం ఒక్క క్లిక్కుతో అన్ని సబ్‌సైట్లలోనూ తుడుచుకుపోతాయి. ఇంకొకటి: కస్టమైజర్ సెట్టింగులు సబ్‌సైట్ వారీగా ఉంటాయి. మొదటి సైట్‌లో దిద్దిన రంగులు రెండోదానికి వాటంతట అవి రావు, లైసెన్సు ఎంత ఖరీదైనదైనా సరే.

ఈ కోణంలో డివి హాయి. దాన్ని తయారుచేసే ఎలిగెంట్ థీమ్స్ సభ్యత్వంలో సైట్ల సంఖ్యకు పరిమితి లేదు, క్లయింట్ల సైట్లకూ వాడుకోవచ్చు. థీమ్ ఆప్షన్స్‌లో అప్‌డేట్స్ ట్యాబుకు వెళ్లి యూజర్‌నేమ్, ఏపీఐ కీ (సైటును ఖాతాతో కలిపే రహస్య కోడ్) ఇవ్వాలి. ఖాతాలో ఎన్ని కీలైనా పుట్టించి ఒక్కోదానికి పేరు పెట్టుకోవచ్చు. క్లయింటుకో కీ చొప్పున ఇస్తే, ఒప్పందం ముగిసిన రోజున ఆ ఒక్క కీ ఆపేస్తే సరిపోతుంది. అందరికీ ఒకే కీ ఇచ్చినవాళ్లు ఒకరికోసం అందరిదీ మార్చాల్సి వస్తుంది. ఏడాది సభ్యత్వం ముగిస్తే సైటు ఆగదు. అప్‌డేట్లు, సపోర్టు ఆగుతాయి. మెయిన్ సైట్ చిక్కు నుంచి మాత్రం అపరిమిత లైసెన్సు కాపాడదు. అది డబ్బుతో తీరేది కాదు.

జనరేట్‌ప్రెస్ పద్ధతి వేరు. థీమ్ ఉచితం, వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలోనే ఉంది కాబట్టి దాని అప్‌డేట్లకు కీతో పనే లేదు. డబ్బు కట్టేది జీపీ ప్రీమియం అనే ప్లగిన్‌కి, 500 సైట్ల వరకు. పెయిడ్ భాగం ప్లగిన్‌గా ఉండటమే మల్టీసైట్‌కి కలిసొచ్చే గుణం. ప్లగిన్‌ని నెట్‌వర్క్ యాక్టివేట్ చేయొచ్చు, నెట్‌వర్క్ అడ్మిన్‌లో దాని కోడ్ ఎలాగూ నడుస్తుంది. మల్టీసైట్‌కి ఈ మూడింట్లో నా ఓటు దీనికే.

చిన్న కంపెనీల థీమ్‌లు కొంటుంటే, వెనక లైసెన్సులు నడిపేది ఎవరో చూడండి. ఫ్రీమియస్ అనే లైసెన్సింగ్ సేవ అయితే ప్రతి సబ్‌సైటూ ఒక సీటు: 5 సైట్ల లైసెన్సుతో 20 సబ్‌సైట్ల నెట్‌వర్క్ నడవదు. స్టేజింగ్, డెవ్, టెస్ట్ అని మొదలయ్యే, పరీక్షల కోసం పెట్టుకునే సబ్‌డొమైన్లను మాత్రం అది గుర్తుపట్టి లెక్కలోంచి తీసేస్తుంది. ఈజీ డిజిటల్ డౌన్‌లోడ్స్ అనే అమ్మకాల ప్లగిన్ లైసెన్సింగ్‌లో ఈ మినహాయింపు అమ్మేవాళ్లు ఆన్ చేస్తేనే ఉంటుంది. అందుకే స్టేజింగ్ కాపీకి "కొత్త" అనో "బీటా" అనో పేరు పెట్టకుండా "స్టేజింగ్" అనే పెట్టండి. ఒక సీటు మిగలొచ్చు.

వర్డ్‌ప్రెస్ 4.5 నుంచి సబ్‌సైట్‌కి సొంత డొమైన్ తగిలించడానికి వేరే ప్లగిన్ అక్కర్లేదు. నెట్‌వర్క్ అడ్మిన్‌లో సైట్ ఎడిట్ చేసి చిరునామా మారిస్తే చాలు. ఆ మార్పుకు ముందే పాత సబ్‌డొమైన్ మీద కీ డీయాక్టివేట్ చేయాలి. మార్చాక చేద్దామంటే థీమ్ కొత్త చిరునామా పేరుతో అడుగుతుంది, సర్వర్లో ఉన్నది పాత పేరు, సీటు అక్కడే ఇరుక్కుంటుంది. అమ్మినవాళ్ల ఖాతా పేజీలో సైట్ల జాబితా ఉంటే అక్కడ తీసేయొచ్చు. లేకపోతే సపోర్టు టికెట్ పెట్టి కూర్చోవాలి.